మణిమంగల యుద్ధము - దాని ఫలితములు

తాంబరమునుండి పడమరగా పది పండ్రెండు కిలోమీటర్లు పోయినచో మణిమంగలమను గ్రామము వచ్చును. అచ్చట ఒక విశాలమైన చెరువు, దాని క్రింద వరిచేలు, ధర్మేశ్వరుని ఆలయము, రాజగోపాలస్వామి ఆలయము ఉన్నవి. చెన్నపురి నానాటికి ఆ దిక్కునకు వ్యాపించుచున్నది కనుక మన విద్యార్థులలో కొందరు ఆ మార్గమున పోయియే యుందురు. కాని ఆ పేరు వినినంతనే ఒక మహాయుద్ధము స్ఫురించువారు అరుదు. క్రీస్తుశకము 7వ శతాబ్దమున దక్షిణాపథమునకంతకు చక్రవర్తియై వెలసిన రెండవ పులకేశి అదృష్టము ఆ గ్రామపరిసరముల యందే తలక్రిందయ్యెను. ఆ దినమున జరిగిన దాని ఫలము మనము నేడు చదువుచున్న తెలుగు పుస్తకము వరకును ప్రాకివచ్చినదనుట అతిశయోక్తి కాదు.

ఈ విషయమును గూర్చి వ్రాయుటకు నన్ను పురికొల్పినది ఒక చిన్న ప్రశ్న. తరగతిలో ఈ కథ చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, ఇంతకీ ఈ యుద్ధంలో మనం గెలిచామా, ఓడామా?" అని అడిగెను. నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. ఆ బాలుడు పుట్టినది చెన్నపురిలో. ఇంట మాటలాడునది తెలుగు. పల్లవులు గెలిచిరి కావున ఈ నేల బిడ్డగా అతడు గెలిచినట్లా? పులకేశి తమ్ముడు వేంగిని ఏలెను కావున తెలుగువాడుగా అతడు ఓడినట్లా? నేను ఆంధ్రదేశమున చదువుకొన్న దినములలో వేంగి కథను క్షుణ్ణముగా నేర్చితిని గాని అందు మణిమంగలము పేరు వినిన జ్ఞాపకము లేదు. ఇచ్చటివారు చెప్పుకొను కథలో వాతాపి విజయము మార్మ్రోగుచుండును గాని వేంగి మాట వినబడదు. రెండు కథలను ఒక్కచోట చేర్చి చూచినగాని ఆ బాలుని ప్రశ్నకు సమాధానము దొరకదు. అందులకే ఈ వ్యాసము.

వైరమునకు మూలము

6వ శతాబ్దము ముగియునాటికి దక్షిణదేశమున రెండు రాజ్యములు బలపడియుండెను. కృష్ణకు దక్షిణమున, మలప్రభానదీప్రాంతమున, వాతాపి రాజధానిగా చాళుక్యులు ఏలుచుండిరి. ఆ వాతాపియే నేటి కర్ణాటకములోని బాదామి. తూర్పున, పాలారు ప్రాంతమున, కాంచీపురము రాజధానిగా పల్లవులు ఏలుచుండిరి. పల్లవులను మనము తమిళరాజులుగా తలచుట వాడుక. కాని వారి మొదటి శాసనములలో కొన్ని తెలుగునేల యందే దొరకినవి. శివస్కందవర్మ యువరాజుగా ఉన్నప్పుడు ధాన్యకటకములోని అధికారికి పంపిన ప్రాకృత శాసనము గుంటూరు ప్రాంతములోని మైదవోలున లభించినది. కృష్ణకు దక్షిణముననున్న తీరదేశమంతయు తరతరములుగా వారి చేతిలో ఉండెను.

ఈ రెండు రాజ్యముల నడుమ కృష్ణా గోదావరుల డెల్టా ఉన్నది. వరి పండు నేల, తూర్పుసముద్రమున వర్తకము చేయు రేవులు, నదుల మీదుగా లోపలిదేశమునకు పోవు మార్గములు దాని సంపదలు. పీఠభూమి యందలి చాళుక్యునకు అట్టి సీమ కన్నులకింపుగా ఉండుట సహజము. దానిని అతడు పట్టినచో తన ఉత్తరపు సరిహద్దునకే ముప్పు వచ్చునని పల్లవుడు భయపడుటయు సహజమే. రాజుల ప్రశస్తులలో అభిమానము, ప్రతాపము, పగ అను మాటలు ఎన్ని వినబడినను వాటి అడుగున ఈ పంటపొలములు ఉన్నవి.

609 ప్రాంతమున వాతాపి సింహాసనమెక్కిన రెండవ పులకేశి సామాన్యుడు కాడు. ఉత్తరదేశమునంతను జయించిన కనౌజు ప్రభువు హర్షుని నర్మద దాటనీయక నిలిపినవాడు అతడే. అతడు తూర్పునకు దండెత్తి పిష్టపురమును, అనగా నేటి పిఠాపురమును పట్టెను. కునాల సరస్సు, అనగా మన కొల్లేటి యొద్ద ఘోరయుద్ధము చేసెను. ఆ సరస్సు నీరు నెత్తుటితో రంగు మారెనని అతని ఆస్థానకవి వర్ణించెను. ఆ విధముగా గెలిచిన వేంగీదేశమును పాలించుటకు తన తమ్ముడైన కుబ్జవిష్ణువర్ధనుని నియమించెను. ఏలూరి సమీపమున నేడు పెదవేగి అని పిలువబడు ఊరే నాటి వేంగి. 624లో అతని పాలన ఆరంభమయ్యెనని సామాన్యముగా చెప్పుదురు. తూర్పుచాళుక్యవంశమునకు మూలపురుషుడు ఆ విష్ణువర్ధనుడే.

ఒక యుద్ధము, ఇరువురు విజేతలు

వేంగి చేజిక్కిన పిమ్మట పులకేశి దక్షిణమునకు తిరిగెను. అప్పుడు కంచిని ఏలుచుండినవాడు మొదటి మహేంద్రవర్మ. అతడు మత్తవిలాసమను ప్రహసనమును రచించిన రసికుడు. కొండలను తొలిపించి గుహాలయములు కట్టించిన కళాభిమాని. మన పల్లావరమున అతడు తొలిపించిన గుహ ఒకటి ఉన్నది. అతని శాసనములలోని బిరుదములలో సంస్కృతపు మాటలతోపాటు తెలుగు మాటలును కానవచ్చుచున్నవి.

పులకేశి దండయాత్రను గూర్చి మనకు రెండు సాక్ష్యములున్నవి. మొదటిది ఐహోళెలోని జైనాలయముపై రవికీర్తి అను కవి చెక్కించిన ప్రశస్తి. దాని కాలము శకవర్షము 556, అనగా క్రీస్తుశకము 634-35. పులకేశి సేనలు రేపిన ధూళిలో పల్లవరాజు కంచికోట గోడల వెనుకకు మరుగయ్యెనని రవికీర్తి చెప్పెను. రెండవది పల్లవుల కాశక్కుడి తామ్రశాసనము. మహేంద్రవర్మ పుల్లలూరు యొద్ద తన ముఖ్యశత్రువులను నాశనము చేసెనని అది చెప్పుచున్నది. పుల్లలూరు కంచికి ఉత్తరమున కొలది మైళ్ళ దూరముననున్న గ్రామము.

విద్యార్థులు ఇచ్చట ఒక సూక్ష్మమును గ్రహింపవలెను. రెండు శాసనములును విజయములను తమకు అనుకూలముగా చెప్పినవి. ఒకడు కోటలో దాగెనని ఒకరు, శత్రువులను చెండాడెనని మరియొకరు. రెండును కొంతవరకు నిజములే కావచ్చును. చాళుక్యసేన కంచి దాపునకు వచ్చినమాట నిజము. కంచికోట లొంగని మాటయు నిజము. లొంగియుండినచో రవికీర్తి ఆ మాట చెప్పక విడుచునా? శాసనము చెప్పినది ఎంత ముఖ్యమో, చెప్పవలసిన చోట చెప్పక విడిచినదియు అంత ముఖ్యము. ఐనను మహేంద్రుడు తన రాజ్యపు ఉత్తరభాగమును పోగొట్టుకొనెను. ఆ అవమానము కుమారునకు వారసత్వముగా సంక్రమించెను.

మణిమంగల యుద్ధము

మహేంద్రుని కుమారుడు నరసింహవర్మ 630 ప్రాంతమున రాజయ్యెను. మల్లవిద్యలో మేటియగుటచే మహామల్లుడని అతనికి బిరుదము. మామల్లపురము పేరు అతని పేరే. ఆ కాలముననే చీనాదేశపు యాత్రికుడు హ్యూన్ త్సాంగు మన దేశమున సంచరించుచుండెను. 640 ప్రాంతమున అతడు కంచికి వచ్చి, ఇచ్చటి జనులు విద్యను మిక్కిలి గౌరవింతురని వ్రాసికొనెను. పిదప పులకేశి రాజ్యమునకు పోయి ఆ రాజు పరాక్రమమును, ప్రజల పౌరుషమును ప్రశంసించెను. అచ్చట యుద్ధమునకు ముందు ఏనుగులకు మద్యము త్రాగింతురనియు, ఓడివచ్చిన సేనానికి స్త్రీల వస్త్రములిచ్చి అవమానింతురనియు అతడు వ్రాసినాడు. అంతటి రాజునకు ఎదురులేదని అతని వ్రాతను చదివినవారికి తోచును. అతడు చూచి వెడలిన ఒకటి రెండేండ్లలోనే ఆ రాజ్యము కూలిపోయెను.

పులకేశి రెండవమారు పల్లవరాజ్యముపైకి వచ్చెను. ఈమారు యుద్ధము పరియలము, మణిమంగలము, శూరమారము అను మూడు చోట్ల జరిగెను. కంచి సమీపముననున్న కూరమున దొరకిన పరమేశ్వరవర్మ తామ్రశాసనము ఈ మూడు పేర్లను చెప్పుచున్నది. నరసింహవర్మ పులకేశి వీపును రాగిరేకుగా చేసికొని దానిపై విజయమను అక్షరములను లిఖించెనని ఆ శాసనము వర్ణించినది. శత్రువు వెన్నిచ్చి పారెననుటకు ఇది ఒక చమత్కారము. రాగిరేకుపై చెక్కబడిన శాసనమే రాగిరేకు ఉపమానమును వాడుట అందులోని సొగసు. తరువాతివాడైన నందివర్మ పల్లవమల్లుని ఉదయేందిర శాసనమును ఈ యుద్ధములనే పేర్కొన్నది.

మూడింటిలో స్థలము స్పష్టముగా తెలిసినది మణిమంగలము. అది కంచికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరమున ఉన్నది. పడమటినుండి వచ్చిన చాళుక్యసేన కంచిని దాటి తూర్పుగా ఇంత లోపలికి చొచ్చినదన్నమాట. రాజధానికిని సముద్రతీరమునకును నడుమ శత్రువు నిలిచినాడు. పల్లవులకు అది ప్రాణసంకటము. కాని అందే పులకేశికి అపాయమును ఉండెను. వాతాపినుండి కంచికి సూటిగా గీత గీచి కొలిచినను సుమారు 550 కిలోమీటర్లు. ఏనుగులు, గుఱ్ఱములు, కాల్బలము, వాటికి మేత, ధాన్యము, నీరు - ఇన్నింటిని అంతదూరము నడిపించుకొని వచ్చిన సేన పరాయిసీమలో ఒక్కమారు తడబడినచో తేరుకొనుట కష్టము. పల్లవునకో, ఇంటి గాదెలు, కోట వెనుకనే ఉన్నవి. ఒకచోట ఓడినవాడు రెండవచోట నిలువలేకపోయెను.

ఈ యుద్ధములలో నరసింహునకు తోడ్పడినవారిలో సింహళ రాకుమారుడు మానవర్మ ఒకడు. రాజ్యము పోగొట్టుకొని కంచిలో శరణుజొచ్చియుండిన అతడు వల్లభునితో, అనగా చాళుక్యరాజుతో జరిగిన పోరాటమున పాల్గొనెనని సింహళ వంశచరిత్ర చెప్పుచున్నది. ఆ సాయమునకు ప్రతిగా నరసింహుడు పిమ్మట నౌకాబలము పంపి అతనికి రాజ్యము ఇప్పించెను.

వాతాపి పతనము

ఇంతటితో ఆగియుండినచో మణిమంగలము అనేకయుద్ధములలో ఒకటిగా మిగిలిపోయెడిది. పుల్లలూరు యొద్ద మహేంద్రుడు శత్రువును తరిమి ఊరకుండెను. అతని కుమారుడు అట్లు చేయలేదు. పారిపోవుచున్న సేనను వెంబడించి ఏకముగా వాతాపి వరకు పోయెను. ఎఱ్ఱని ఇసుకరాతి కొండల నడుమ, అగస్త్యతీర్థమను సరస్సు చుట్టు వెలసిన నగరమది. ఆ కొండలలోనే 578 నాటి మంగళేశుని గుహాలయము నేటికిని చూడదగినదై ఉన్నది. 642లో నరసింహవర్మ ఆ నగరమును పట్టుకొని వాతాపికొండ అను బిరుదమును ధరించెను. తమిళమున కొండ యనగా గైకొనిన అని అర్థము.

ఇది కేవలము పల్లవుల పొగడ్త కాదు. బాదామిలోనే, ఒక బండపై, నరసింహవర్మ పదుమూడవ రాజ్యసంవత్సరమున చెక్కించిన శాసనము శిథిలమై నేటికిని నిలిచియున్నది. అతడు 630లో రాజయ్యెనన్నచో ఆ సంవత్సరము 642-43కు సరిపోవును. శత్రువు ఇంటిగోడపై వ్రాసిన వ్రాత కంటె గట్టి సాక్ష్యమేమి కావలెను? ఆ తరువాత పులకేశి మాట వినబడదు. ఆ యుద్ధముననే అతడు మరణించియుండునని పండితుల అభిప్రాయము.

పల్లవకవులు తమ రాజును అగస్త్యునితో పోల్చిరి. వాతాపియను రాక్షసుని భక్షించి జీర్ణించుకొనిన మహర్షి కథ మీరెఱిగినదే. పసిబిడ్డకు పాలుపట్టి పొట్ట నిమురునప్పుడు మన తల్లులు తలచుకొనునది ఆ కథనే. రాక్షసుని పేరును నగరము పేరును ఒకటియగుటచే కవులకు ఉపమానము వెదకుకొనవలసిన పని లేకపోయెను.

ఈ దండయాత్రలో సేనానిగా ఉండినవాడు పరంజ్యోతి. యుద్ధానంతరము అతడు ఆయుధములు విడిచి శివభక్తుడై శిఱుత్తొండరను పేర వెలసెనని 12వ శతాబ్దపు తమిళ పెరియపురాణము చెప్పుచున్నది. తెలుగు విద్యార్థులకును అతడు క్రొత్తవాడు కాడు. శ్రీనాథుని హరవిలాసములోని చిరుతొండనంబి అతడే. అయితే మన కావ్యమునకు వచ్చుసరికి అతడు కత్తిని పూర్తిగా మరచి, కంచిలో వర్తకము చేసికొను సెట్టియై, కుమారుడు సిరియాలునితో సుఖముగా ఉన్నాడు. యుద్ధము మరువబడినది, భక్తి మిగిలినది. వాతాపినుండి తెచ్చిన గణపతి విగ్రహమును గూర్చి ఒక ఐతిహ్యము కలదు. ముత్తుస్వామి దీక్షితుల ప్రసిద్ధకీర్తనము వలన ఆ నగరము పేరు నేటికిని ప్రతి సంగీతసభలోను వినబడుచున్నది.

ఫలితములు

ఇక ఈ యుద్ధము వలన ఏమి మారినదో చూతము.

మొదటి ఫలితము చాళుక్యులకు కలిగినది. సుమారు పదుమూడేండ్లు వాతాపిలో స్థిరమైన రాజు లేకపోయెను. 654-55లో పులకేశి కుమారుడు మొదటి విక్రమాదిత్యుడు రాజ్యమును తిరిగి నిలబెట్టెను. అంతరించిన తండ్రి రాజ్యలక్ష్మిని తిరిగి పొందితినని అతని శాసనములు చెప్పుకొనుచున్నవి. తండ్రి ఓటమిని ఒక్కమాటలో దాటవేసిన తీరు గమనింపదగినది.

రెండవ ఫలితము పగ తరతరములకు పాకుట. విక్రమాదిత్యుడు కంచిపైకి వచ్చి, ఇంకను దక్షిణముగా కావేరీతీరమున ఉరగపురము వరకు పోయి విడిసెను. ఆ శిబిరమునుండి 674లో వెలువడిన తామ్రశాసనము మన తెలంగాణములోని గద్వాలయందు దొరకినది. పెరువళనల్లూరు యొద్ద పల్లవుడైన పరమేశ్వరవర్మ అతనిని ఓడించి, చింకిగుడ్డతో పారిపోవునట్లు చేసెనని కూరము శాసనము వెక్కిరించినది. మరి రెండు తరముల పిమ్మట రెండవ విక్రమాదిత్యుడు కంచిని పట్టెను. కాని అతడు నగరమును ధ్వంసము చేయలేదు. కైలాసనాథాలయము సిరిసంపదలను చూచి, వాటిని స్వామికే విడిచి, ఆ సంగతిని కన్నడభాషలో అక్కడి స్తంభముపై చెక్కించెను. కంచికి పోయినవారు ఆ వ్రాతను నేటికిని చూడవచ్చును. నూఱేండ్ల వైరములో మనుష్యులకు గౌరవము తెచ్చు పని ఇది యొక్కటియే అని నాకు తోచును.

ఈ పోరాటముల వలన రెండు రాజ్యములును డస్సిపోయెను. 753 ప్రాంతమున రాష్ట్రకూటుడైన దంతిదుర్గుడు వాతాపి చాళుక్యులను కూలద్రోసెను. 9వ శతాబ్దము చివర చోళుడైన ఆదిత్యుడు పల్లవులను అంతమొందించెను. పొరుగువారిరువురు కొట్లాడుకొనగా పొలము మూడవవాని పాలయినట్లయ్యెను.

మూడవ ఫలితము మనకు మిక్కిలి ముఖ్యమైనది. అది వేంగికి సంబంధించినది. కుబ్జవిష్ణువర్ధనుడు అన్నగారి ప్రతినిధిగా వచ్చినవాడు. వాతాపి బలముగా ఉన్నంతకాలము వేంగి దాని కొమ్మ. 642లో మాను కూలినది. కొమ్మ మాత్రము నేలలో వేరు దన్నుకొని నిలిచినది. విష్ణువర్ధనుని కుమారుడు మొదటి జయసింహుడు అప్పటికి వేంగి సింహాసనముపై ఉన్నాడు. అతనిపై ఆజ్ఞ చేయు ప్రభువు వాతాపిలో లేడు. పదుమూడేండ్ల పిమ్మట వాతాపి తేరుకొనినను వేంగి తిరిగి దాని క్రిందికి పోలేదు. విష్ణువర్ధనుని కాలమునుండి లెక్కించినచో ఆ వంశము నాలుగున్నర శతాబ్దములు తెలుగునేలను ఏలినది.

స్వతంత్రమైన రాజ్యమునకు సొంత ఆస్థానము, సొంత అధికారులు, సొంత దానశాసనములు కావలెను. ఆ శాసనములు ప్రజలకు తెలియు భాషలో ఉండుట క్రమముగా అవసరమయ్యెను. తెలుగున శాసనములు వ్రాయుట అప్పటికే రేనాటిచోళుల సీమలో, నేటి కడప ప్రాంతమున, 575 నాటికే ఆరంభమైయుండెను. కాని వారు చిన్న ప్రభువులు. జయసింహుని విప్పర్ల శాసనముతో తెలుగు వేంగీరాజుల శాసనములలో అడుగుపెట్టెను. గుణగవిజయాదిత్యుని కాలమున, 848-49 ప్రాంతమున, పండరంగని అద్దంకి శాసనములో అది తరువోజపద్యమై నడక నేర్చినది. 10వ శతాబ్దమున యుద్ధమల్లుని బెజవాడ శాసనములో మధ్యాక్కరలైనది. 11వ శతాబ్దమున రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుడు కోరగా నన్నయభట్టు మహాభారతమును తెనిగింప పూనుకొనెను. ఆ నన్నయయే 1053 నాటి నందంపూడి శాసనమును రచించెను.

వాతాపి నిలిచియున్నచో తెలుగు పుట్టెడిదే కాదని నేననుట లేదు. భాషను పుట్టించువారు ప్రజలు, రాజులు కారు. కాని వాతాపి ప్రభువులు తమ దేశభాషాశాసనములను కన్నడమున వ్రాయించిరి. మంగళేశుని గుహలోనే కన్నడ శాసనమొకటి ఉన్నది. వేంగి వారికి దూరపు సీమగా మిగిలియుండినచో అచ్చటి జనుల మాటకు ఆస్థానమున పీట దొరకుటకు ఇంకెంతకాలము పట్టెడిదో! మణిమంగలమున పల్లవుడు తన కోటను కాపాడుకొనుటకు పోరాడెను. తాను తెలుగునకు మేలు చేయుచున్నానని అతడు కలలోనైన తలచియుండడు. తలచని ఫలములే చరిత్రలో ఎక్కువకాలము నిలుచుచున్నవి.

నాలుగవ ఫలితమును కలదు. వేంగి వాతాపినుండి విడిపోయినను, అన్నదమ్ములు తెచ్చిన వ్రాత విడిపోలేదు. చాళుక్యుల లిపి వేంగిలోను వాతాపిలోను శతాబ్దములపాటు ఒకటిగానే సాగి, తరువాత తెలుగు లిపిగను కన్నడ లిపిగను చీలినది. మన అక్షరములను కన్నడ విద్యార్థి సగము చదువగలుగుట అందులకే.

మణిమంగలము రెండవ సాక్ష్యము

ఈ కథకు ఒక చిత్రమైన అనుబంధమున్నది. యుద్ధము జరిగిన నాలుగువందల ఏండ్లకు పైగా గడచిన పిమ్మట, అదే మణిమంగలములో, రాజగోపాలస్వామి ఆలయపు గోడపై వీరరాజేంద్రచోళుని తమిళ శాసనము చెక్కబడెను. దాని కాలము అతని ఐదవ ఏడు, అనగా 1067-68. అందులో ఏమున్నది? వేంగిని తిరిగి సాధింపక మరలనని ఆ చోళుడు పలికిన శపథము, విజయవాడ యొద్ద మహానదీతీరమున జరిగిన యుద్ధము, గోదావరి నీటిని త్రాగిన చోళుల ఏనుగులు, వేంగిరాజ్యమును విజయాదిత్యునకు ఇచ్చిన సంగతి! తెలుగునేలపై జరిగిన యుద్ధవార్త చెన్నపురి ప్రక్క పల్లెలోని గుడిగోడపై ఉన్నది. రెండు దేశముల కథలు వేరువేరు గ్రంథములలో ఉన్నను రాళ్ళు మాత్రము వాటిని వేరు చేయలేదు.

ఆ శాసనము పుట్టిన రెండు మూడేండ్లకే, 1070లో, రాజరాజనరేంద్రుని కుమారుడు కులోత్తుంగుడను పేర చోళసింహాసనమెక్కెను. అతని తల్లి అమ్మంగదేవి రాజేంద్రచోళుని కుమార్తె. తండ్రివైపున పులకేశి తమ్ముని వంశము, తల్లివైపున పల్లవులను జయించిన చోళవంశము. కంచి, వేంగి ఒకే రాజు ఏలుబడిలోనికి వచ్చెను. మణిమంగలమున కత్తులు దూసికొన్న రెండు దిక్కులు ఒక బాలుని జాతకమున కలిసినవి.

ముగింపు

ఇక ఆ విద్యార్థి ప్రశ్నకు వత్తును. మనము గెలిచితిమా, ఓడితిమా?

పల్లవులు తెలుగునేల యందు శాసనములు వేసినవారే. మహేంద్రుని బిరుదములలో తెలుగు ఉన్నది. పులకేశి కన్నడదేశమునుండి వచ్చి పిఠాపురమును, కొల్లేటిని నెత్తుటితో తడిపినవాడు. అతని తమ్ముని వంశమే తెలుగును ఆదరించినది. ఇందులో ఎవరు మనవారు, ఎవరు పరులు? రవికీర్తి గాని కూరము శాసనకర్త గాని ఏనుగుల తొక్కిడిలో నలిగిన చేల లెక్క వ్రాయలేదు. మణిమంగలము రైతు ఆ యేడు కోతకోసెనో లేదో ఏ రాగిరేకును చెప్పదు. ఆ రైతు పక్షమున చూచినచో ఆ దినమున ఇరుపక్షములును అతనికి పరాయివే.

గెలుపు ఓటములు ఆ రాజులవి. వాటి ఫలములు మాత్రము మనకు చేరినవి. నరసింహుని పేరు మామల్లపురమైనది. శిఱుత్తొండరు చిరుతొండనంబియై మన కావ్యములోనికి వచ్చెను. వాతాపి పేరు సంగీతమైనది. వేంగి మన పద్యమైనది. వీటిలో ఏ ఒక్కదానిని విడుచుకొన్నను మనకే లోటు. ఇంట తెలుగు, వీధిలో తమిళము మాటలాడు మన విద్యార్థులు రెండింటిని సరిసమానముగా చదువగలవారు. కూరము శాసనమును ఐహోళె ప్రశస్తిని ప్రక్కప్రక్కన పెట్టి తూచవలసిన వారికి ఇట్టి చదువు కంటె మంచి సాధనము లేదు. ఒక పక్షపు మాటనే వినినవాడు ప్రశస్తినే చరిత్ర యనుకొనును.

ఒక ఆదివారమున మీ పెద్దలతో కూడి మణిమంగలమునకు పోయి రండు. చెరువుగట్టు మీద నిలిచి పడమరగా చూడుడు. ఆ దిక్కుననే కంచి, దానికి వాయవ్యమున వాతాపి. పిదప గుడిలోనికి పోయి గోడపైని ప్రాచీనాక్షరములను చూడుడు. చదువ వచ్చిన పెద్దవారెవరైన తోడున్నచో విజయవాడ పేరు ఎచ్చటనున్నదో చూపుమని అడుగుడు. ఆ పేరును మీ కన్నులతో చూచిన తరువాత మన ఊరు, మన భాష, మన చరిత్ర అను మాటలలో మనయను పదమునకు ఎంత వైశాల్యమున్నదో మీకే తెలియును.